మాడ్యూలు పోయిందని ఎవరు చెప్పారు?

(విజయవాడలో నెట్‌వర్కు నిర్వహణ సిబ్బంది, పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

సభకు నమస్కారం. గుంటూరు, తెనాలి, మంగళగిరి నుండి డ్యూటీలు సర్దుకొని వచ్చిన మిత్రులకు, వెనుక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి బాబూ, ముందుకు రండి, తరువాత బల్ల మీద ఉన్న కార్డులను చూపించవలసి ఉంటుంది. నాకు ఇచ్చిన అంశం, నెట్‌వర్కుల మధ్య సమాచారానికి దారి చూపే రౌటరులో హార్డ్‌వేర్ మాడ్యూలు, అంటే విడిగా తీసి పెట్టగలిగే భాగం, పాడైతే ఏం చేయాలన్నది. నేను ఇంకొంచెం వెనక్కి వెళ్లి, అసలు పాడైందని మనం ఎలా తేలుస్తున్నాము అన్న దగ్గర మొదలుపెడతాను.

మనకు వచ్చే ఫోను ఎలా ఉంటుంది? ‘సార్, మూడో స్లాటులో కార్డు పోయింది, వేరే కార్డు పంపండి’ అని ఉంటుంది. పోయిందని ఎవరు చెప్పారు? ‘లైటు చూశాం సార్’ అంటారు. సరే, లైటు ఎర్రగా ఉందా, నారింజ రంగులో ఉందా, అసలు వెలగడమే లేదా? అక్కడ అవతలి వైపు మాట ఆగిపోతుంది. ఈ మూడూ మూడు వేరు వేరు సంగతులు. తయారీదారును బట్టి అర్థం కొంత మారుతుంది కాని, సాధారణంగా ఎరుపు అంటే కార్డు తన పరీక్షలో తానే తప్పింది లేదా వేడి హద్దు దాటింది. నారింజ అంటే ఇంకా లేస్తున్నది, లేదా చిన్న హెచ్చరిక ఉన్నది. వెలగకపోతే కార్డుకు కరెంటే అందడం లేదు. కరెంటు అందని కార్డును పాడైన కార్డు అనవచ్చునా? అనకూడదు. అయినా మనం అంటున్నాము, దానిని పెట్టెలో పెట్టి పంపిస్తున్నాము, అక్కడ వారు పరీక్షించి ‘లోపం ఏమీ కనబడలేదు’ అని రాసి తిప్పి పంపిస్తున్నారు.

విద్యార్థుల కోసం ఒక్క నిమిషం తీసుకుంటాను. పెద్ద రౌటరు ఒకే వస్తువు కాదు. ఒక ఇనుప చట్రం, దానినే చాసిస్ అంటాము. దాని వెనుక గోడలా నిలబడే బ్యాక్‌ప్లేన్. దానికి, స్లాట్లు అనే అరల్లోంచి గుచ్చుకొనే కార్డులు. దారి నిర్ణయించేది రూట్ ప్రాసెసర్, కేబుళ్లు తగిలించుకొనేవి లైన్ కార్డులు, వాటి మధ్య ప్యాకెట్లను, అంటే సమాచారపు తునకలను, అటూ ఇటూ మార్చేది ఫ్యాబ్రిక్. ఇవి కాక పవర్ సప్లైలు, ఫ్యాన్ ట్రే, ఫైబరు కేబులులోకి కాంతి పంపడానికి పోర్టుల్లో దూర్చే చిన్న ఆప్టికల్ మాడ్యూళ్లు. వీటిలో ఏది తప్పినా బయటికి కనబడే లక్షణం మాత్రం తరచుగా ఒకటే: లింకు పడిపోతుంది. లక్షణం ఒకటి, కారణాలు ఆరు. అందుకే ఈ పనికి తొందర పనికిరాదు.

ఇప్పుడు నేను అన్నిటికంటె గట్టిగా చెప్పదలచిన సంగతికి వస్తున్నాను. స్విచ్చి ఆపి మళ్లీ వేయడం మన చేతులకు అలవాటైపోయింది. ఇంట్లో వైఫై డబ్బాకు అది చెల్లుతుంది. మాడ్యూళ్లున్న రౌటరు దగ్గర అది మొదటి పని కాకూడదు, కాకూడదు అంటే కాకూడదు. ఎందుకు? రెండు కారణాలున్నాయి.

మొదటిది, రౌటరు తన లాగ్‌ను, అంటే జరిగిన సంగతుల చిట్టాను, చాలావరకు ర్యామ్‌లోనే, కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలోనే ఉంచుకుంటుంది. కార్డు ఎందుకు పడిపోయిందో ఆ లాగ్ ఒక్క వాక్యంలో చెబుతుంది: కార్డు పలకరింపులకు బదులివ్వలేదనో, ఫ్యాబ్రిక్ చానెల్‌లో తప్పులు ఎక్కువయ్యాయనో, చాలినంత పవర్ లేదనో, ఎవరో కమాండు ఇచ్చి తామే ఆపారనో. నవ్వుతున్నారు కాని, ఈ చివరిది కూడా జరుగుతుంది. పగలు షిఫ్టువారు ఆపితే రాత్రి షిఫ్టువారు కార్డు పోయిందని రాస్తారు. స్విచ్చి ఆపిన క్షణంలో ఆ వాక్యం పోతుంది, ఇక మిగిలేది ఊహ ఒక్కటే. కార్డు కుప్పకూలినప్పుడు ఫ్లాష్‌లో, అంటే కరెంటు పోయినా నిలిచే మెమరీలో, రాసుకొనే క్రాష్‌ఇన్‌ఫో ఫైలు ఉంటే అదొక అదృష్టం, ప్రతిసారీ ఉండదు.

రెండవ కారణం మరీ ముఖ్యమైనది, చాలామంది పట్టించుకోనిది. నడుస్తున్న యంత్రం నడుస్తూ ఉన్నంతకాలం బాగానే ఉండి, ఆపి మళ్లీ స్విచ్చి వేసినప్పుడు లేవకపోవచ్చు. ఇది నా భయం కాదు. 2014లో రౌటర్లు తయారుచేసే సిస్కో సంస్థ స్వయంగా ప్రకటించిన సంగతి: 2005 నుండి 2010 వరకు తయారైన కొన్ని ఉత్పత్తులలో, ఒకే సరఫరాదారు నుండి వచ్చిన మెమరీ చిప్పులు, పని చేస్తున్నంతసేపూ పని చేస్తూ, పవర్ తీసి పెట్టినప్పుడు విఫలం కావచ్చునని అందులో ఉన్నది. 2017 ఫిబ్రవరిలో ఇంకొకటి వచ్చింది. గడియారపు సంకేతం ఇచ్చే భాగం సుమారు 18 నెలల వాడకం తరువాత చెడిపోయే అవకాశం పెరుగుతుందని, చెడిపోతే యంత్రం మళ్లీ లేవదని, ఆ జాబితాలో ఐఎస్ఆర్ 4331 రౌటరు, ఎన్‌సీఎస్ 5500 శ్రేణి లైన్ కార్డులు కొన్ని ఉన్నాయని చెప్పారు. అదే కాలంలో ఇంటెల్ ఆటమ్ సీ2000 ప్రాసెసర్ల దోషాల పత్రంలో కూడా గడియారపు సంకేతాలు ఆగిపోవచ్చునన్న అంశం చేరింది. ఇప్పుడు ఆలోచించండి. మీ చాసిస్‌లో ఎనిమిది కార్డులున్నాయి, ఒకటి చెడింది. ఆ ఒక్కదాని కోసం మొత్తానికి స్విచ్చి ఆపితే, బాగున్న ఏడింటినీ పరీక్షకు కూర్చోబెట్టినట్లే కదా? ఒక్క కార్డునే తిరిగి లేపడానికి వేరే కమాండు ఉన్నప్పుడు ఆ సాహసం ఎందుకు?

కనుక ముందు కూర్చుని రాసుకోవాలి. టెర్మినల్ ప్రోగ్రాంలో తెర మీద వచ్చేదంతా ఫైలులోకి పోయేలా పెట్టండి. తరువాత సిస్కో రౌటరులో ఈ కమాండులు ఇవ్వండి: షో క్లాక్, షో లాగింగ్, షో మాడ్యూల్, షో ఇన్వెంటరీ, షో ఎన్విరాన్‌మెంట్, షో పవర్. జూనిపర్ కంపెనీ రౌటర్లు వాడేవారైతే షో చాసిస్ అలారమ్స్, షో చాసిస్ ఎఫ్‌పీసీ, షో చాసిస్ హార్డ్‌వేర్. కమాండుల పేర్లు మోడలును బట్టి కొంచెం మారుతాయి, అడిగే ప్రశ్నలు మారవు. షో క్లాక్ ఎందుకు అని అక్కడ ఒకరు అడుగుతున్నారు. లాగ్‌లో ఉన్న సమయం నిజమైన సమయమో కాదో తెలియాలి కదండీ. గడియారం 1993 చూపిస్తున్న రౌటరులో, ‘కార్డు పడిపోయింది’ అన్న వాక్యానికీ, సాయంత్రం జనరేటరు మారిన క్షణానికీ సంబంధం ఎలా కలుపుతారు? రౌటరు గడియారాన్ని నెట్‌వర్కు ద్వారా సరిచేసే ఎన్‌టీపీ పెట్టుకోండి, లాగ్‌ను రౌటరు బయట ఒక సర్వరుకు కూడా పంపుకోండి. పాత కంప్యూటరు ఒకటి చాలు ఈ పనికి.

రాసుకున్నాక మొదట చూడవలసింది కార్డును కాదు, కరెంటును. పెద్ద చాసిస్‌లో రెండు పవర్ సప్లైలు ఉంటాయి. రెండింటిలో ఏ ఒక్కటైనా మొత్తం బరువు మోయగలిగేలా పెట్టుకోవచ్చు. లేదా రెండింటి శక్తినీ కలిపి వాడుకునేలా పెట్టుకోవచ్చు. కార్డులు పెరిగే కొద్దీ మనవారు తెలియకుండానే రెండో పద్ధతిలోకి జారుతారు. అప్పుడు ఒక సప్లై పోతే ఏమవుతుంది? లెక్క చాలక రౌటరు తానే కొన్ని కార్డులకు కరెంటు ఆపేస్తుంది. బయటినుండి చూసేవారికి ఒకేసారి రెండు లైన్ కార్డులు ‘పోయినట్లు’ కనబడుతుంది. ఒకే క్షణంలో రెండు కార్డులు చెడిపోవడం చాలా అరుదు. అలా కనబడిందంటే వాటి రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని వెతకాలి. పవర్, ఫ్యాబ్రిక్, బ్యాక్‌ప్లేన్, వేడి. ఇంకొక మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. రెండు సప్లైలు కొంటారు, రెండింటి వైర్లూ తీసుకువచ్చి ఒకే యూపీఎస్ మీద, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడతారు. ఆ బోర్డు స్విచ్చి ఊడ్చే మనిషి చీపురు తగిలినా ఆగిపోతుంది. అప్పుడు రెండో సప్లైకి పెట్టిన డబ్బు ఎందుకు పెట్టినట్లు?

కరెంటు బాగుంది, వేడి బాగుంది. ఇప్పుడు కార్డు దగ్గరికి వెళ్దాము. షో మాడ్యూల్‌లో కార్డు అసలు కనబడుతున్నదా? కనబడి ‘తెలియదు’ అని వస్తున్నదా? కనబడి, లేచి, మళ్లీ పడి, మళ్లీ లేస్తున్నదా? లేచి బాగానే ఉండి ప్యాకెట్లు పోగొడుతున్నదా? ‘తెలియదు’ అని వస్తే చేయి పెట్టకండి, ముందు సాఫ్ట్‌వేర్ చూడండి. కొత్త రకం కార్డును పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ గుర్తించదు. లేదా కార్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌కూ, అంటే ఫర్మ్‌వేర్‌కూ, రూట్ ప్రాసెసర్ సాఫ్ట్‌వేర్‌కూ పొంతన కుదరదు. ఎంత కడిగినా, ఎన్నిసార్లు గుచ్చినా అది గుర్తించదు. తయారీదారు ఇచ్చే పత్రంలో ఆ కార్డుకు కావలసిన కనీస వెర్షన్ రాసి ఉంటుంది, రెండు నిమిషాల పని.

అసలే కనబడకపోతే మాత్రం తీసి పెట్టడం తప్పదు. ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. మొదట, ఆ మోడలులో నడుస్తుండగా కార్డు తీయవచ్చునా లేదా చూసుకోండి. పెద్ద చాసిస్‌లలో తీయవచ్చు; చిన్న రౌటర్లలో కొన్ని రకాల కార్డులకు పవర్ ఆపి తీరాలి. ఆన్‌లో తీయగలిగిన చోట కూడా ముందు కమాండు ఇచ్చి ఆ కార్డును ఆపి, తరువాత తీయడం మేలు. ఒంటి మీద చేరే స్టాటిక్‌ను, అంటే స్థిర విద్యుత్తును, నేలకు పంపే పట్టీ మణికట్టుకు కట్టుకోండి. ‘మన కృష్ణ ఒడ్డు ఉక్కలో స్టాటిక్ ఎక్కడిది సార్’ అంటారు. బయట ఉక్కే, ఒప్పుకుంటాను. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది, సింథటిక్ చొక్కా వేసుకొని తిరుగుతాము. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి. చిప్పు దెబ్బతినడానికి దానిలో పదో వంతు కూడా అక్కరలేదు. అంటే మనకు తెలియకుండానే మనం దానిని చంపగలము. మరీ ఇబ్బంది ఏమిటంటే అది అప్పుడే చావదు, కొన్ని వారాలు నడిచి చస్తుంది. అప్పుడు నింద తయారీదారు మీద పడుతుంది.

ఇక స్క్రూలు రెండూ వదులు చేసి, రెండు వైపులా ఉన్న పిడులను ఒకేసారి తెరచి, కార్డును తిన్నగా లాగండి. లాగాక వెంటనే తిరిగి పెట్టవద్దు. టార్చి వెలుగు ఖాళీ స్లాటులోకి వేసి, లోపల బ్యాక్‌ప్లేన్ కనెక్టరును చూడండి. పిన్నులు వరుసగా, దువ్వెన పళ్లలా నిలబడి ఉండాలి. ఎక్కడైనా ఒక పిన్ను పక్కకు ఒరిగి, పొరుగు పిన్నును తాకుతూ ఉన్నదా? ఉన్నదంటే ఆ స్లాటులో ఇక ఏ కార్డూ పెట్టకండి. మనవారు ఏం చేస్తారు? పాత కార్డు పోయిందేమోనని కొత్త కార్డు తెచ్చి అదే స్లాటులో గుచ్చుతారు. వంగిన పిన్ను కొత్త కార్డు కనెక్టరును కూడా చెడగొడుతుంది. తరువాత ఆ చెడిన కార్డును పరీక్ష కోసం ఇంకొక చాసిస్‌లో పెడితే, అక్కడి పిన్నులు వంగుతాయి. ఒక్క పిన్ను రెండు చాసిస్‌లను తినేస్తుంది. బల్ల మీద ఎడమ చివర ఉన్న కార్డులో కింది నుండి మూడో వరుస దగ్గర కనెక్టరు ప్లాస్టిక్ పగిలి ఉన్నది, అది ఇలా జరిగినదే. తరువాత వచ్చి చూడండి, అంచు మాత్రం ముట్టుకోవద్దు.

పిన్నులు బాగున్నాయి, కార్డు కనెక్టరులో దుమ్ము లేదు. నిమిషం ఆగి, కార్డును గాడిలో పెట్టి, తడబడకుండా ఒక్క ఊపున లోపలికి తోసి, పిడులు మూసి, స్క్రూలు బిగించండి. ఈ కనెక్టర్లలో పిన్నులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవైనవి ముందు తగిలి, పొట్టివి చివర తగులుతాయి. రౌటరు ఆ క్రమాన్ని బట్టి కార్డు వస్తున్నదని గ్రహిస్తుంది. సగం తోసి, ఫోను వచ్చిందని ఆగితే, ఆ మధ్య స్థితిలో కొన్ని పాత చాసిస్‌లలో కార్డులన్నీ పంచుకొనే సంకేతాల దారి, అంటే బస్, నిలిచిపోతుంది, తక్కిన కార్డులు కూడా రీసెట్ అవుతాయి. ఫోను జేబులో మోగనివ్వండి.

అయినా లేవలేదా? అప్పుడు స్లాటు తప్పా, కార్డు తప్పా తేల్చాలి. ఈ కార్డును బాగున్నదని తెలిసిన వేరే స్లాటులో పెట్టండి. అక్కడా లేవకపోతే కార్డు మీద అనుమానం. అక్కడ లేస్తే? చాలామంది వెంటనే స్లాటు తప్పు అంటారు. అనవచ్చు, కాని సగమే రుజువైంది. బాగున్న కార్డు ఒకటి ఆ స్లాటులో కూడా లేవనప్పుడే స్లాటు తప్పు. ఒక్కసారి ఒక్కటే మార్చండి. కార్డు, కేబులు, సాఫ్ట్‌వేర్ మూడూ ఒకేసారి మార్చి ‘బాగైపోయింది సార్’ అంటే నాకు ఏడుపు వస్తుంది, ఎందుకంటే ఏది మారితే బాగైందో ఇక ఎవ్వరికీ తెలియదు, మంచి వస్తువు ఏదో చెత్తబుట్టలోకి పోతుంది.

లేచి పడే కార్డుల గురించి. లాగ్‌లో ‘ప్యారిటీ ఎర్రర్’ అని, అంటే మెమరీలో ఒక బిట్టు తప్పిందని, ఒకసారి వచ్చి కార్డు రీసెట్ అయితే వెంటనే కార్డు మార్చవలసిందేనా? అక్కరలేదు. మెమరీలోని ఒక బిట్టు, చిప్పులో లోపమేమీ లేకుండానే తిరగబడవచ్చు. ఇంటెల్‌లో పనిచేసిన టిమోతీ మే, ముర్రే వుడ్స్ 1979లో ప్రచురించిన పరిశోధనలో, చిప్పు ప్యాకేజీ పదార్థంలో లేశంగా ఉన్న యురేనియం, థోరియం నుండి వచ్చే ఆల్ఫా కణాలు ఈ పని చేస్తున్నాయని చూపించారు. ఆకాశం నుండి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల కూడా ఇది జరుగుతుంది. కనుక ఒకసారి వస్తే రాసుకొని, ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండండి. అదే కార్డు మీద మళ్లీ వస్తే, అప్పుడు అది కాస్మిక్ కిరణం కాదు, మన కార్డే. మార్చండి.

ఇక వేడి. చాలా రౌటర్లకు ఆమోదించిన గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. మే నెలలో బెజవాడలో బయట ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా? డేటా కేంద్రాలకు ఆష్రే అనే అమెరికా శీతలీకరణ ఇంజనీర్ల సంఘం సూచించే గాలి ఉష్ణోగ్రత 18 నుండి 27 డిగ్రీలు. అది కొలవవలసింది గది మధ్యలో కాదు, రౌటరు గాలి పీల్చుకొనే ముఖం దగ్గర. గుంటూరు మిర్చి యార్డు వైపు ఒక కార్యాలయంలో రౌటరు ఫిల్టరు తీసి చూస్తే మెష్ కనబడలేదు, ఎర్రటి పొర కనబడింది. తీసినవాడు అరగంట తుమ్ముతూనే ఉన్నాడు. అక్కడ మధ్యాహ్నం రెండు గంటలకు ఒక కార్డు పడిపోతుంది, రాత్రి తానే లేస్తుంది. రోజూ ఒకే వేళకు పడే కార్డును చూస్తే నాకు ముందు ఫిల్టరు గుర్తుకొస్తుంది. ఫ్యాన్ ట్రే మార్చేటప్పుడు కొత్తది చేతిలో పట్టుకొని పాతది లాగండి. ట్రే లేకుండా కొద్ది నిమిషాలు దాటితే చాలా చాసిస్‌లు తమంతట తామే ఆగిపోతాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు నన్ను చాలామంది అడిగారు, మునిగిన కార్డులు ఆరబెట్టి వాడుకోవచ్చునా అని. నీరు ఆరుతుంది, ఒండ్రు ఆరదు. అది కనెక్టరు పిన్నుల మధ్య ఉండిపోయి తేమ పీల్చుకుంటుంది, లోహాన్ని తింటుంది. ఆ కార్డును మంచి చాసిస్‌లో గుచ్చకండి. దానిలోని కాన్ఫిగరేషను కోసం పాకులాడే బదులు, కాన్ఫిగరేషను కాపీ ఎప్పుడూ బయట ఉంచుకోండి.

ఆప్టికల్ మాడ్యూళ్ల గురించి టూకీగా. ‘కార్డులో ఏడో పోర్టు పోయింది’ అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కార్డుకు సంబంధం లేనివి. షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్సీవర్ అని అడిగితే పంపుతున్న కాంతి, అందుతున్న కాంతి ఎంతో చెబుతుంది. పది గిగాబిట్ల ఎల్ఆర్, అంటే దూరపు లింకులకు వాడే, మాడ్యూలుకు అందవలసిన కనీస కాంతి మైనస్ 14.4 డీబీఎం. డీబీఎం కాంతి శక్తికి కొలత. మైనస్ 40 చూపుతున్నదంటే అసలు కాంతే రావడం లేదు. తప్పు కేబులులోనో అవతలి చివరలోనో ఉన్నది. మైనస్ 17 చూపుతున్నదంటే ముందు కనెక్టరు కొనను శుభ్రం చేయండి. చొక్కా అంచుతో కాదు తమ్ముడూ, దాని కోసం చేసిన క్లీనరుతో. ఫైబరు కొనలోకి కంటితో చూడవద్దు. 1310 నానోమీటర్ల కాంతి కంటికి కనబడదు, కంటికి మాత్రం హాని చేయగలదు.

ఇవన్నీ చేశాక కార్డు నిజంగానే పోయిందని తేలితే, మార్పిడికి పంపే లేఖలో సీరియల్ నంబరు, లాగ్‌లోని ఆ వాక్యం, ఏ స్లాటు నుండి ఏ స్లాటుకు మార్చి చూశారో ఆ రెండు ఫలితాలు రాయండి. ఇవి ఉంటే అవతలి ఇంజనీరు ప్రశ్నలు అడగకుండానే కార్డు పంపే అవకాశం ఎక్కువ. లేకపోతే మూడు రోజులు ఈమెయిళ్లతోనే సరిపోతుంది.

ఒక చీటీ వచ్చింది. బీరువాలో ఉన్న స్పేర్ కార్డును ఎప్పుడైనా పరీక్షించాలా అని అడిగారు. తప్పకుండా పరీక్షించాలి. కొన్న రోజే చాసిస్‌లో పెట్టి, పూర్తి డయాగ్నస్టిక్స్ నడిపి, ఫర్మ్‌వేర్‌ను మిగతా కార్డులతో సమానం చేసి, అప్పుడు స్టాటిక్ తగలనివ్వని సంచిలో పెట్టి తేదీ రాయండి. తరువాత రౌటరు సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ ఆ స్పేర్‌ను కూడా ఒకసారి బయటికి తీయండి. ఇంకా చీటీలు ఉంటే ఇవ్వండి, ఈలోగా విద్యార్థులు ఇద్దరిద్దరుగా బల్ల దగ్గరికి రావచ్చు.